కాలవ లోతు

చినవాల్తేరు ఆసుపత్రిలో
మందుల చీటీ వెనక్కి తిప్పి
డాక్టరమ్మ ఒక జీడిపిక్క గీసింది.
"మసేనూ, నీ బుర్రలో ఇదుంటుంది. ఇంతే ఉంటుంది."
నవ్వొచ్చింది నాకు.
పాతికేళ్ళ వించి డ్రైవర్ని,
టన్నుల వల పైకి లాగినోణ్ణి,
నన్ను లాగేది ఇంతేనా?

ఇంతే.

మొదట్లో సుఖం సీసాలో ఉండేది.
తర్వాత మూతలోకొచ్చింది, కిర్రుమనే ఆ తిప్పుడులోకి.
తర్వాత షాపు షట్టరు లేచే మోతలోకి.
ఆ తర్వాతది ఆవిడ చెప్పలేదు, నేనే చెప్పాను:
జెట్టీకి బోటు తాడు పడగానే
ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో
చేపల నీళ్ళ మీద మెరిసే ట్యూబులైటులోకి.
ఒక్కో అడుగూ సీసా విడిచి
సుఖం నాకు ఎదురొచ్చేసింది.
ఆఖరికి సీసాలో ఏమీ మిగల్లేదు.
అయినా తాగాను.
ఇష్టం ఎప్పుడో ఒడ్డున దిగిపోయింది,
కావాలి ఒక్కటే
ఇంజను ఆపకుండా కూచుంది.

మా అప్ప ఇల్లు వన్‌టౌన్‌లో.
బొగ్గు ఓడ దింపిన రోజు
ఆరేసిన బట్టల మీద నలుపు, అన్నంలో నలుసు.
విసిగి, సముద్రం వైపు కిటికీలన్నిటికీ
మేకులు కొట్టించింది.
బొగ్గు ఆగింది.
గాలీ ఆగింది.

బుర్రా అంతేనట.
దుమ్ము మరీ ఎక్కువైతే
ఒక్కో కిటికీ తనే మూసుకుంటుందట.
తప్పేం చెయ్యలేదు పాపం, ఇల్లు కాపాడుకుంది.
కానీ మేకు కొట్టిన కిటికీకి
బొగ్గేదో గాలేదో తెలీదు.
పోయినేడు నూకరత్నం
టెన్త్ మార్కులు చదివి వినిపిస్తుంటే
నాకు పెదాలు కదలడమే కనబడింది.
పీతల పులుసు గంజిలా ఉండేది.
కొండ మీద లైట్‌హౌస్ తిరిగేది. తిరిగేది, అంతే.

మూసిన ఇంట్లోకి వినబడాలంటే
ఇంకా గట్టిగా అరవాలి కదా.
క్వార్టరు హాఫయింది. హాఫు ఫుల్లయింది.
ఇంకో మేకు.
ఇంకో మేకు.

"మరి మానేత్తే తెరుసుకుంటాయా అమ్మా?"
పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది.
"కొన్ని. మెల్లిగా."

ఒడ్డున పుట్టినోణ్ణి, కాలవ సంగతి నాకు ఒకరు చెప్పాలా.
హార్బరు మూతి దగ్గర డ్రెడ్జరు
ఏటేటా ఇసక తోడి బీచి వైపు కుమ్మరిస్తుంది.
లోతున్న చోటికే ఓడలొస్తాయి,
ఓడలొచ్చే చోటే లోతు చేస్తారు.
నా బుర్రలో అలాంటిది పందొమ్మిదేళ్ళు తవ్వుకున్నాను.
మానిన రోజే అది పూడిపోదు.
ఖాళీగా, నల్లగా, కాచుకుని ఉంటుంది.
ఒక ట్యూబులైటు చాలు.

డెబ్బై ఒకటో రోజు.
పైగా వేట నిషేధం, వించి పడుకుంది, చేతులు ఖాళీ.
బోటుకి రంగెయ్యడానికి వెళ్తూ
ఆ సందు తప్పించి షెడ్ల వెనక నుంచి తిరుగుతున్నాను.
పదకొండు నిమిషాలు ఎక్కువ.
పరదేశి కేకేశాడు, "ఏట్రా, దొంగనాగ అటెల్తన్నావు?"
దొంగనే.
నా కాళ్ళని
వాటికి తెలీకుండా తీసుకెళ్తున్నాను.

నిన్న రాత్రి వీధిలో ఎవరో సోడా కొట్టారు.
ఉత్త నోట్లో గుటక పడింది.
గంటసేపు మంచం కోడు పట్టుకు కూచున్నాను.
సంకల్పం అంటారే, అదేం కాదు.
మంచం కోడు.

ఇవాళ నూకరత్నం ముంజెలు తెచ్చింది.
ఒకటి వొలిచి నా చేతిలో పెట్టింది.
చల్లగా ఉంది.
తీపి,
ఉందా లేదా అన్నంత.
"ఎలాగుంది నాన్నా?"
ఆగమని చెయ్యి చూపించాను.
ఇంకా నములుతున్నాను.